సోమవారం మార్చని నీళ్లు

మతాన్సాస్,
20 సెప్టెంబరు 1981, ఆదివారం.

చెల్లెలు మిర్తాకి,

మీ అక్క ఎనెయిదా ముద్దులతో రాస్తున్నది. నేనూ, నీ లిసెత్తూ ఇవాళ్టికి క్షేమంగా ఉన్నాం. అక్కడ అంగోలాలో నువ్వూ, నీ బడిపిల్లలూ, నీతో గది పంచుకుంటున్న టీచరమ్మలూ బాగున్నారని తలుస్తాను. "ఇవాళ్టికి" అని ఎందుకు రాసిందా అని అప్పుడే కనుబొమలు ముడివేయకు. కూర్చుని, నిదానంగా, చివరిదాకా చదువు.

నీ ఉత్తరం బుధవారం అందింది. ఆగస్టు మొదట్లో నువ్వు రాసింది సెప్టెంబరు సగం దాటాక వచ్చింది. అడిగినవాటికి జవాబులు చెబుతాను. పిల్ల కాలు పెరిగింది, మార్చిలో రేషను మీద తెచ్చిన బూట్లు పట్టడం లేదు. ముందువైపు కోసేసి చెప్పుల్లా చేశాను, వేళ్లు బయటికి పెట్టుకుని తిరుగుతోంది. ఎక్కాలు ఏడు దాకా తప్పు లేకుండా చెబుతుంది, ఎనిమిదిలో ఆరో మెట్టు దగ్గర ఆగి నా మొహం చూస్తుంది. నాకూ రాదని దానికి తెలుసు. నీ కోసం ఏడుస్తోందా అని అడిగావు. ఏడవదు. ఆదివారం సాయంత్రాలు మాత్రం ముభావంగా ఉంటుంది, పిలిస్తే పలకదు. ఇప్పుడు కూడా గడపలో కూర్చుని జామకాయ తింటోంది, నేనేం రాస్తున్నానో అడగలేదు.

ఇక మిగిలినవి రెండు. "అక్కడ జ్వరాలట, పిల్లలు పోతున్నారట, లిసెత్‌కి ఏమైనా అయితే నా దగ్గర దాచకు. నీ దగ్గర భద్రంగా లేదనిపిస్తే ఒల్గీన్‌లో మా అత్తగారింటికి పంపేస్తాను" అన్నావు. తరవాత కాగితం అడుగున, చోటు చాలక ఇరికించి, "అమ్మకి నీళ్లు మారుస్తున్నావా?" అన్నావు. ఈ రెండూ ఒకటే ప్రశ్న అని నీకు తెలియదు. నాకు మాత్రం తెలుసు. అందుకే నాలుగు రోజులుగా నీ ఉత్తరం చూస్తూ కూర్చున్నాను.

నా సంగతి నీకు తెలియంది కాదు. మొగుడు వెళ్లిపోయాడు, పిల్లలు లేరు. మీ ఆయన ఓడ మీద, నువ్వు ఆ దేశంలో. నీ కూతురు వచ్చాకే ఈ ఇంట్లో రెండో కంచం పెట్టాను. దాన్ని ఒల్గీన్ పంపితే ఏమవుతానో నేను చెప్పను, నువ్వు అడగవద్దు. కానీ ఈ ఉత్తరం పూర్తయ్యేసరికి ఆ మాట నువ్వు అనవచ్చు. ఆ భయం పెట్టుకునే రాస్తున్నాను.

మొదట పని సంగతి చెబుతాను. జూన్‌లో జ్వరాలు మొదలు కాగానే మా తాళ్ల ఫ్యాక్టరీ నుంచి పదిమంది ఆడవాళ్లని పిలిచారు. మూడు రోజులు పాఠాలు చెప్పి, చేతికి టార్చిలైటూ, గరిటే, మందుపొడి సంచీ ఇచ్చి ఇళ్ల మీదికి తోలారు. రోజుకి నలభై ఇళ్లు. డ్రమ్ములు, డాబా మీద తొట్లు, పూలకుండీల కింద పళ్లేలు, కోళ్లకి నీళ్లు పెట్టే డబ్బాలు, పాత టైర్లు. నీళ్లు నిలిచిన చోటల్లా దోమ పురుగులున్నాయేమోనని వంగి చూడాలి. ప్రతి ఇంటి తలుపు వెనకాల ఒక అట్ట వేలాడుతుంది, చూసినవాళ్లు తేదీ వేసి సంతకం పెట్టాలి. పదిహేనేళ్లు నిలబడి నార దువ్విన దాన్ని కదా, కాళ్లు గట్టివే అనుకున్నాను. మెట్లు ఎక్కి దిగి వారం తిరిగేసరికి చీలమండలు బూరెల్లా పొంగాయి.

జనం కూడా నీకు తెలిసిన జనమే. కుళాయి రెండు రోజులకోసారి వస్తుంది, దొరికిన గిన్నెలోనల్లా పట్టి దాచుకుంటారు, నేను వెళ్లి మూత ఏదీ అంటే మొహాలు మాడ్చుకుంటారు. కింద వాటాలో తోమాసా అత్త స్నానాలగదిలో తెర కట్టి, దాని వెనక డ్రమ్ము దాచింది.

"ఆ తెర వెనకాల ఏముందత్తా?" అన్నాను.

"మా ఆయన."

"ఆయన పోయి పన్నెండేళ్లయింది కదా."

"అందుకే బయటికి రావట్లేదు. నువ్వెళ్లి లేపకు."

తెర తీశాను. డ్రమ్ము నిండా పురుగులు, తోకలు పైకెత్తి గెంతుతున్నాయి. పొడి వేస్తుంటే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఆ నీళ్లతో కాఫీ కాస్తే కిరసనాయిలు కంపు కొడుతుందమ్మాయ్. కాస్తాను, నువ్వే తాగాలి" అంది. తాగాను. కంపు కొట్టింది. చక్కెర ఎక్కువేసుకుని తాగేశాను.

పాఠాల్లో ఒక డాక్టరు చెప్పిన మాట నీకు రాయాలి, లేకపోతే తరవాతిది అర్థం కాదు. ఈ దోమ మురికి కాలవల్లో పుట్టేది కాదట. ఇళ్లలోని శుభ్రమైన నీళ్లే దీనికి కావాలి. నీళ్లలో గుడ్డు పెట్టదు, నీటిమట్టానికి కాస్త పైన, పాత్ర గోడకి అంటిస్తుంది. కాటుక నలుసంత ఉంటుంది. ఆ గుడ్డు నెలల తరబడి ఎండిపోయి ఉన్నా చావదు. మళ్లీ నీళ్లు పైకొచ్చి తగలగానే పిల్ల బయటికొస్తుంది. "అందుకని నీళ్లు పారబోస్తే చాలదు, గోడ గీకి తోమాలి. అన్నిటికన్నా చెడ్డ పని ఏమిటంటే, పాత నీళ్లు ఉంచి పైన కొత్త నీళ్లు కలపడం" అన్నాడు. నేను నోటుబుక్కులో రాసుకుని కింద గీత కూడా గీశాను. రెండోది, ఈ దోమ పగటిపూట కుడుతుంది, రాత్రి తెర కట్టుకుంటే సరిపోదు. మూడోది, పుడుతూనే దీనిలో జబ్బు ఉండదు. జ్వరం ఉన్న మనిషిని కుట్టాక, వారం పది రోజులకి, ఇంకొకరిని కుడితే వాళ్లకి అంటిస్తుంది. మనిషే దోమకి ఇవ్వాలి.

ఇంత నేర్చుకుని, ఇంత తిరిగి, మేమంతా ఒక్కచోట మాత్రం చూడకుండా తల తిప్పుకున్నాం. పోయినవాళ్ల దాహం తీరాలని నీళ్లు పోసి పెట్టే గ్లాసులు. తోమాసా అత్త బీరువా మీద తెల్లగుడ్డ పరిచి ఏడు పెట్టుకుంది. ప్రతి మూడో ఇంట్లో ఉన్నాయి, బల్ల మీదో, తలుపు మూలో, మంచం కిందో. పాఠాల్లో వాటి మాట ఎవరూ ఎత్తలేదు, సర్కారు తరఫున చెప్పేవాళ్లకి అలాంటి నమ్మకాలు చెప్పదగిన మాట కాదు. మాకా, చిన్నప్పటి నుంచి "అది ముట్టుకోకు, అది అమ్మమ్మది" అని చేతుల మీద కొట్టి పెంచారు. టార్చి వేసి కోడిడబ్బా అడుగు చూసేదాన్ని. గ్లాసు దగ్గరికి వచ్చేసరికి కళ్లు దించుకుని అట్ట మీద సంతకం పెట్టేదాన్ని. మా పదిమంది బ్రిగేడు మొత్తం అంతే.

మన ఇంట్లో గ్లాసు సంగతి నీకు చెప్పాలా. విమానం ఎక్కేముందు లిసెత్ మంచం తలాపున, అల్మారా మీద, నీ చేత్తో నువ్వే పెట్టావు. "అమ్మ దాహం తీర్చుకుని మనవరాలిని కనిపెట్టుకుని ఉంటుంది, సోమవారం సోమవారం నీళ్లు మార్చు" అన్నావు. మార్చాను. జనవరి నుంచి మే దాకా ఒక్క సోమవారం తప్పలేదు. నీళ్లు వీధిలోకి పారబోసి, గ్లాసు కడిగి, తెల్లగుడ్డతో తుడిచి, కొత్త నీళ్లు పోసేదాన్ని.

జూన్‌లో ఒళ్లు హూనమైంది మిర్తా. సోమవారం ఇంటికొచ్చేసరికి కుర్చీ ఎక్కే ఓపిక లేదు. కుళాయి కూడా రాని రోజు. చెంబుతో చెయ్యి పైకి చాపి, గ్లాసు దించకుండానే, తగ్గిన మేరకి నీళ్లు నింపేశాను. తరవాతి సోమవారమూ అంతే. ఆ తరవాతా అంతే. అన్నేసి గీతలు గీసి నేర్చుకున్న పాఠం నా ఇంట్లోనే, నీ కూతురి తల మీదనే తప్పాను. శనివారాలు మా ఇంటి అట్ట మీద సంతకం పెట్టేది కూడా నేనే. "ఏమీ లేదు" అని రాసి పెట్టాను.

జూన్ ఆఖరి వారంలో నాకు రెండు రోజులు జ్వరం కాసింది. కళ్ల వెనక పోటు, ఎముకలు విరిగినట్టు నొప్పి. అలుపు వల్లేననుకున్నాను. పగలంతా లిసెత్ మంచం మీదే పడుకున్నాను, ఆ గదిలో గాలి వస్తుందని. మూడో రోజు లేచి పనికి వెళ్లిపోయాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆసుపత్రిలో దోమతెర లోపల పడుకోబెడతారు, నలభై ఇళ్లు ఇంకొకామె నెత్తిన పడతాయి. ఇళ్లు తిరిగి జ్వరాలున్నాయా అని అడిగే మనిషిని, నా జ్వరం నేనే దాచుకున్నాను.

జులై పద్నాలుగున పిల్లకి జ్వరం వచ్చింది.

ఇప్పుడు లేచి నిలబడకు. నిన్నటిదాకా చెప్పని మాట చెబుతున్నాను గానీ, పిల్ల బతికింది, నా ఎదురుగా ఉంది. మూడు రోజులు ఒళ్లు పెనంలా కాలింది. నాలుగో రోజు పొద్దున చెమటపట్టి జ్వరం దిగింది. తోమాసా అత్తా నేనూ సంబరపడి మలంగ దుంప మెత్తగా ఉడకబెట్టి పెట్టాం. రెండు చెంచాలు తిని కక్కేసింది. మధ్యాహ్నానికి కడుపు పట్టుకుని ముడుచుకుంది, చేతులు చల్లబడ్డాయి, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటోంది. పళ్ల చిగుళ్లలో రక్తం కనబడింది. జ్వరం దిగాకే అసలు ప్రమాదం మొదలవుతుందని మాకు చెప్పారు. చెప్పింది గుర్తొచ్చి, పక్కవీధి వడ్రంగి సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని తీసుకుపోయాం. ఆ ఒక్కపని మాత్రం ఆలస్యం చెయ్యలేదు.

ఆసుపత్రిలో లేడీ డాక్టరు నీ కన్నా చిన్నది. రెండు రోజులు నిద్రపోలేదని మొహమే చెబుతోంది. సెలైను పెడుతూనే అడిగింది.

"ఆస్పిరిన్ ఇచ్చారా?"

"లేదమ్మా. ఇవ్వొద్దని మాకు చెప్పారు."

"మంచి పని చేశారు. డెబ్బై ఏడులో ఈ పిల్లకి జ్వరం వచ్చిందా?"

గుర్తుందా మిర్తా? దానికి నాలుగేళ్లు. ఊరందరికీ వచ్చింది, దీనికీ మూడు రోజులు వచ్చి పోయింది, నిమ్మకాయ నీళ్లు తాగించి ఊరుకున్నాం. వచ్చిందని చెప్పాను. డాక్టరు తలూపింది.

"అప్పటిది ఒక రకం, ఇది ఇంకో రకం. మొదటిసారి తేలిగ్గా పోయిన పిల్లలే ఈసారి ఇలా పడిపోతున్నారు."

"ఇంకా రకాలున్నాయామ్మా?"

"మొత్తం నాలుగు. ఈ పిల్లకి మూడోసారి రానివ్వకండి. ఎక్కడ పెరిగినా సరే, దోమ కుట్టకుండా చూడాల్సిందే."

రెండు రాత్రులూ మూడు పగళ్లూ సెలైను చుక్కలు లెక్కపెట్టాను. ఐదో నంబరు మంచం మీది ఆడపిల్ల, లిసెత్ వయసుదే, రెండో రోజు మధ్యాహ్నం పోయింది. వాళ్లమ్మ ఏడవలేదు, పిల్ల జడ విప్పి మళ్లీ వేసింది. వరండాలోకి వచ్చి, మోకాలి మీద కాగితం పెట్టుకుని నీకు ఉత్తరం రాశాను. "పిల్ల సముద్రానికి వెళ్లి నల్లబడింది" అని రాశాను చూడు, అదే ఆ ఉత్తరం. అంత దూరంలో నువ్వేం చెయ్యగలవు అనుకున్నాను. నిజం అది కాదు. నువ్వు పిల్లని తీసేసుకుంటావని దాచాను. ఆగస్టులో రాసిందీ అబద్ధమే.

మూడో రోజు పిల్ల నీళ్లు అడిగింది. గౌను తేవడానికి ఇంటికొచ్చాను. గదిలో ఎండ పడుతోంది. ఎందుకో కుర్చీ ఎక్కి గ్లాసు దించాను. నీళ్లలో పది పన్నెండు పురుగులు కదులుతున్నాయి. అంచు మీద ఒక దోమ, అప్పుడే పుట్టింది, కాళ్ల మీద తెల్లచారలతో రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుంది. కొట్టడానికి చెయ్యి లేవలేదు. ఎగిరిపోయింది.

నీ కూతుర్ని కుట్టిన దోమ ఆ గ్లాసులోదేనని ఏ డాక్టరూ రాసివ్వడు. వీధిలో ఎన్ని డ్రమ్ములు లేవు. కానీ నాకు తెలుసు. పురుగుని నేను పెంచాను. అదే మంచం మీద జ్వరంతో పడుకుని దానికి జబ్బు నేను ఇచ్చాను. అది మళ్లీ పక్కనున్న పిల్లకి ఇచ్చింది. నీ ఐదో ప్రశ్నకి జవాబు ఇది. అమ్మకి నీళ్లు మార్చలేదు.

మా బ్రిగేడు పెద్ద ఎవెలియోకి మర్నాడే చెప్పాను. "ఎవరైనా చూశారా?" అన్నాడు.

"నేను చూశాను."

"అయితే పారబోసి ఊరుకో ఎనెయిదా. పిల్ల బతికింది కదా. ఇప్పుడు ఇది బయటపెడితే రేపు ఏ ఇంటివాళ్లయినా నీకు తలుపు తీస్తారా? 'ముందు నీ ఇల్లు చూసుకో పోవే' అంటారు."

ఊరుకున్నాను, మూడు వారాలు. ఆగస్టులో వీధి కమిటీ సమావేశంలో నన్ను లేపి, ఈమె ఇల్లు ఆదర్శం, ఈమెని చూసి నేర్చుకోండి అన్నారు. జనం చప్పట్లు కొడుతుంటే చెయ్యెత్తి ఆపాను. నిలబడి మొత్తం చెప్పేశాను. గ్లాసూ, నింపడమూ, సంతకమూ, నా జ్వరమూ. ఎవెలియో టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

అప్పుడు తోమాసా అత్త లేచింది. "కూర్చో పిల్లా" అంది. అందరి వైపు తిరిగి, "ఏం, అలా చూస్తారేం? మీ ఇళ్లలో లేవా గ్లాసులు? నా ఇంట్లో ఏడున్నాయి. పోయినవాళ్లు నీళ్లడిగారు గానీ పురుగులు పొయ్యమన్నారా? నడవండి" అంది. ఆ పొద్దే వీధిలో ఆడవాళ్లంతా గడపల్లో కూర్చుని గ్లాసులు ఇసకేసి తోమారు. నాకు తలుపు తియ్యని ఇల్లు ఒక్కటీ లేదు. నన్ను చూసి నవ్విన ఇళ్లు ఉన్నాయి, "మన ఆదర్శం వచ్చింది, దాచెయ్యండి" అంటారు. అననీ. ఇప్పుడు గ్లాసు దగ్గర నేను కళ్లు దించను. "అమ్మమ్మకి ఇవాళ్టి నీళ్లేనా, నిన్నటివా?" అని అడిగి, దించి, గోడ వేలితో తడిమి చూస్తాను.

లిసెత్‌కీ చెప్పాను. నా వల్లే నీకు జబ్బు చేసిందన్నాను. "నువ్వు కావాలని పోశావా పెద్దమ్మా?" అంది. కాదన్నాను. "అయితే అమ్మకి రాసెయ్యి. అమ్మ నా మీద అరిచినప్పుడు కూడా తరవాత అన్నం పెడుతుంది" అంది. అది ఆగస్టు సంగతి. నేను రాయలేదు. దానికి ఉన్న ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, డాక్టరు "ఎక్కడ పెరిగినా సరే" అంది. నాకొక్కదానికే తెలిస్తే చాలదు. రేపు ఒల్గీన్‌లో పెరిగినా, నీ దగ్గర పెరిగినా, ఆ పిల్లకి రెండుసార్లు వచ్చిందని ఆ ఇంట్లోవాళ్లకి తెలియాలి. మీ అత్తగారి పెరట్లో మూతల్లేని డ్రమ్ములు నాలుగు చూశాను నీ పెళ్లికి వచ్చినప్పుడు. నువ్వు అక్కడికే పంపుతానంటే, ముందు నేను వెళ్లి, ఆవిడ తిట్టినా సరే, ఆ డ్రమ్ములు తోమి మూతలు పెట్టి వస్తాను. పిల్లకి జ్వరం వస్తే ఏం చెయ్యాలో, దిగాక ఏం చూడాలో వేరే కాగితం మీద రాసిపెట్టాను. మీ అత్తగారు చదువు రాని మనిషి కాబట్టి చదివి వినిపించి మరీ వస్తాను.

క్షమించమని అడగడం లేదు. అలిసిపోయానని చెప్పడం కూడా సాకు కాదు, అలిసిపోనిది ఎవరు. నువ్వు టెలిగ్రాం ఇవ్వు. "ఒల్గీన్" అని ఒక్క మాట, లేదా "ఉండనీ" అని ఒక్క మాట. ఏది వస్తే అది చేస్తాను, ఎదురు చెప్పను.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. పోస్టులో వేద్దామని కవరు మీద స్టాంపు అంటించుకుని మరీ ఈ ఉత్తరం మొదలుపెట్టాను. పోస్టులో వేస్తే నీకు చేరడానికి నలభై రోజులు. నలభై రోజులూ నిజం చెప్పేసినట్టూ ఉంటుంది, పిల్ల నా పక్కన ఉన్నట్టూ ఉంటుంది. ఈ లెక్కతోనే స్టాంపు కొన్నాను. నీ తోటి టీచరు ఓడాలిస్ సెలవు ముగించుకుని బుధవారం విమానం ఎక్కుతోంది. ఇందాక స్టాంపు తడిపి ఊడదీశాను. ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను. శనివారానికల్లా నీకు అందుతుంది.

ఇట్లు,
నీ కూతురి పెద్దమ్మ, నీ అక్క,
ఎనెయిదా